పావుగంట కూర

పొద్దున్నే పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనికి వెళ్లే ఆడవాళ్లకు వంటకు మిగిలేది పావుగంటే. అంతలో అయ్యే కూర బీరకాయ. పోపు వేగాక ఉల్లి, పచ్చిమిర్చి, బీరకాయ ముక్కలు వేసి మూత పెడితే దాని నీళ్లలోనే అది మగ్గిపోతుంది. దించేముందు గుప్పెడు కొబ్బరి కోరు చల్లితే ఉప్పు తగ్గినా రుచి తగ్గదు. 2018లో తిత్లీ తుఫాను ఎన్నో కొబ్బరి చెట్లు కూల్చినా, పలాస చుట్టూ ఉన్న ఈ ఉద్దానంలో కొబ్బరి ఇంకా దొరుకుతూనే ఉంది. నూడుల్స్ పొట్లం ఇంకా తొందరగా అవుతుంది, నిజమే. కానీ దాని మసాలా నిండా ఉప్పే. ఎందరినో పట్టిన కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలని ఈ ఉద్దానం నేలమీద, బీపీ పెంచే ఉప్పును పిల్లల పళ్లెంలోకి మనమే ఎందుకు తేవాలి? జబ్బు ఉన్నవాళ్లు మాత్రం కొబ్బరి, జీడిపప్పు ఎంత తినొచ్చో డాక్టరును అడిగే తినాలి.