తల్లి హోదా, పిల్ల లింగం: ఒక సందేహం

తల్లి దేహస్థితి బాగున్నప్పుడు మగ సంతానం, క్షీణించినప్పుడు ఆడ సంతానం అధికంగా కలుగుతుందని ట్రివర్స్, విల్లార్డ్ 1973లో ప్రతిపాదించారు. బలిష్ఠమైన మగపిల్ల పెరిగి అనేక ఆడవాటితో జతకట్టగలదు. బలహీనమైన దానికి ఒక్క జతయినా దొరకకపోవచ్చు. ఆడది బలహీనమైనా సాధారణంగా పిల్లలను కంటుంది. తర్కం ముచ్చటైనదే.

కోతుల మందలు మాత్రం దీనికి ఎదురు తిరిగాయి. కెన్యాలోని అంబోసెలీ బబూన్లలో ఉన్నత హోదా గల తల్లులకు ఆడపిల్లలే ఎక్కువగా పుట్టినట్లు జీన్ ఆల్ట్‌మన్ గమనించారు. మన దక్షిణాది కోతియైన బోనెట్ మకాక్‌ల మందను కాలిఫోర్నియాలో పరిశీలించిన జోన్ సిల్క్ బృందం కూడా 1981లో ఇటువంటి ఫలితాన్నే ప్రకటించింది. వెంటనే వేరొక వివరణ సిద్ధమైంది. ఈ జాతులలో ఆడపిల్లలు పుట్టిన మందలోనే ఉండి తల్లి హోదాను పొందుతాయి. మగవి ఈడు రాగానే మందను విడిచిపోతాయి. మేతకు పోటీ ఉన్నచోట పై హోదా ఆడకోతులు తక్కువ హోదా తల్లుల ఆడపిల్లలను వేధిస్తాయి. కనుక అట్టి తల్లులకు మగపిల్లలే మేలు.

ఫలితం ఎటు మొగ్గినా వివరణ దొరకడమే నా సందేహానికి మూలం. 2002లో బ్రౌన్‌తో కలిసి సిల్క్ 15 జాతులకు చెందిన 35 దత్తాంశ సముదాయాలను పునఃపరిశీలించారు. హోదాకూ లింగ నిష్పత్తికీ స్థిరమైన సంబంధం కానరాలేదు. చిన్న నమూనాలలో యాదృచ్ఛికంగా కలిగే హెచ్చుతగ్గులే చాలావరకు సరిపోయాయి. తన పూర్వ ఫలితాన్నే ప్రశ్నకు పెట్టిన ఆ నిజాయితీ మన విద్యార్థులకు పాఠ్యాంశం కాదగినది. అలాగని సంబంధమే లేదని కొట్టివేయలేము. స్కాట్లండ్‌లోని రమ్ దీవి ఎర్రజింకలలో బలమైన తల్లులకు మగపిల్లలు ఎక్కువన్న ఫలితం 1984లో వెలువడింది; జింకల సాంద్రత పెరిగిన కొద్దీ అది మాయమైందని 1999లో తేలింది.

పెయ్యదూడలు కోరే పాడి రైతుకు ఫలానా దాణా, ఫలానా వేళ గర్భధారణ అని సలహా ఇవ్వబోయే ముందు మనం ఒక లెక్క వేసుకోవాలి. ఏ ప్రభావమూ లేకున్నా 20 ఈతలలో ఒక లింగం దూడలు 14 లేదా అంతకు మించి పుట్టే అవకాశం సుమారు 11.5 శాతం. ఇక దూడ లింగాన్ని నిర్ణయించేది ఆబోతు వీర్యకణం. ఎక్స్ కణంలో డీఎన్ఏ సుమారు 4 శాతం అధికం; లింగ నిర్ధారిత వీర్యం తయారీకి ఆధారం ఈ భేదమే. దాణాకు ఇటువంటి ఆధారం చూపనంతవరకు, అట్టి ప్రయోగ నివేదికలలో శాతాలకు బదులు పుట్టిన దూడల సంఖ్యను, ఈసుకుపోయిన చూళ్ల సంఖ్యను ముద్రించాలని నా అభిప్రాయం.