వెంకయ్య ఒక్కరే, స్పెల్లింగులే రెండు

చిలకలపూడి దాటాక వచ్చే ఆఖరి స్టేషన్ మచిలీపట్నం. జనం నోట బందరు. 1908 నాటి ఇంపీరియల్ గెజిటీర్‌లోనేమో ఊరు మసూలిపటం, జిల్లా కిస్ట్నా. భౌగోళిక గుర్తింపు కూడా కలంకారీకి మచిలీపట్నం పేరిట, లడ్డూకు బందరు పేరిట వచ్చింది. దీనితో పేచీ లేదు. ఊరికి రెండు పేర్లుంటే రెండూ చెల్లుతాయి.

పేచీ అంతా ఒకే పేరును నాలుగు రకాలుగా రాయడంతోనే. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య పేరు ఇంగ్లీషులో కొన్నిచోట్ల రెండు 'వై'లతో, కొన్నిచోట్ల చివర 'ఎ ఐ ఎ హెచ్'తో కనిపిస్తుంది. బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టిన పట్టాభి సీతారామయ్య గారిదీ అదే తంతు. మహనీయులకు పోయేదేమీ లేదు. పాస్‌పోర్టులో ఒకలా, పాన్ కార్డులో మరోలా పేరు పడ్డ మామూలు మనిషికే అఫిడవిట్ల ఖర్చు.

చైనాకూ ఒకప్పుడు ఈ తలనొప్పే. 1958లో పిన్‌యిన్ పద్ధతిని ఆమోదించి, 1979 నుంచి విదేశాలకు పంపే వార్తల్లోనూ దాన్నే వాడారు. పీకింగ్ బీజింగ్ అయింది, మావో సే టుంగ్ మావో జెడాంగ్ అయ్యాడు. అయినా పీకింగ్ విశ్వవిద్యాలయం ఇంగ్లీషులో తన పాత పేరును వదల్లేదు, ఎవరూ వదలమననూ లేదు. స్వరాల గుర్తులు తీసేస్తే పక్కపక్కనున్న రెండు రాష్ట్రాల పేర్లు ఒకటే అయిపోతుంటే, ఒకదానికి అదనంగా ఒక 'ఎ' తగిలించి షాన్‌షీల గొడవ తీర్చారు. పద్ధతంటే మొండిపట్టు కాదన్నమాట!

మనకూ పద్ధతి లేకపోలేదు. 19వ శతాబ్దంలోనే హంటర్ పేరిట ఒకటి వచ్చింది. అందులో దీర్ఘానికి అక్షరం మీద అడ్డగీత ఉంది. వాడుకలో అది ఎగిరిపోయింది. ద, డ రెండూ ఒకే 'డి' కింద దూరాయి.

ఇప్పుడు కొత్త స్పెల్లింగులు రుద్దితే పాత సర్టిఫికెట్లన్నీ చెల్లని కాగితాలవుతాయి. దానికన్నా తేలిక మార్గముంది. ఆధార్‌లో ఇంగ్లీషు పక్కనే తెలుగులోనూ పేరుంటుంది. ఇంగ్లీషు అక్షరాలు కలవనప్పుడు ఆ తెలుగు పేరునే ప్రమాణంగా తీసుకోవాలి. ఒక్కటే షరతు: దాన్ని ఇంగ్లీషు నుంచి కంప్యూటరు చేత తిప్పించకుండా, మనిషిని అడిగి రాయాలి. ఇంటిపేరు గుడివాడ కాస్తా 'గుదివద'గా అచ్చయితే, దిద్దుబాటు కోసం మళ్లీ ఆధార్ కేంద్రం ముందు నిలబడాల్సింది ఆ గుడివాడ వారే.