నొప్పి ఇవాళ్టిది, తిండి నిన్నటిది

సీలియాక్ వ్యాధి ఉన్నవారు పొరపాటున గోధుమ తింటే ఒంటికి తెలిసే వేళ ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. కొందరికి గంటా రెండు గంటల్లోనే వాంతులు, కడుపునొప్పి మొదలవుతాయి. మరికొందరికి మర్నాడో ఆ తర్వాతో విరేచనాలు, ఉబ్బరం, మంచం దిగనివ్వని నిస్సత్తువ వస్తాయి. గోధుమ అలర్జీ దీనికి భిన్నం. అందులో దద్దుర్లు, ఆయాసం సాధారణంగా రెండు గంటల లోపే బయటపడతాయి. సీలియాక్‌లో గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ మీద రోగనిరోధక కణాలు తిరగబడి, చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తాయి. మొయినాబాద్ దారిలోని ఏదో ఫంక్షన్ హాల్లో పూరీ, చపాతీ ముట్టకుండా రాత్రి భోజనం ముగించిన మనిషి మర్నాడు పడకేస్తే, ఇంట్లో అందరూ పొద్దున తిన్న ఇడ్లీనే తప్పు పడతారు. మంచూరియాలోని మైదా, సోయాసాస్‌లోని గోధుమ, హలీంలో మెదిగిపోయిన గోధుమలు, పాయసంలోని సేమ్యా ఎవరికీ గుర్తు రావు. అందుకే ఏం తిన్నామో గుర్తు తెచ్చుకునే భారాన్ని రోగి మీదే వదిలేయడం అన్యాయం. వండేవారు ముందే చెప్పాలి, వైద్యులు పరీక్షతో తేల్చాలి. కొసరంత తింటే ఏమవుతుందిలే అనడానికీ లేదు. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తీసుకున్న సీలియాక్ రోగుల పేగు దెబ్బతిన్నట్టు 2007లో ఇటలీ పరిశోధకులు చూపారు. ఒక్క బ్రెడ్ ముక్కలో దానికి దాదాపు నలభై రెట్లు ఉంటుంది. పైగా నొప్పి లేనంత మాత్రాన పేగు క్షేమంగా ఉన్నట్టు కాదు.

మనం అన్నం తినేవాళ్లం, ఈ జబ్బు ఉత్తరాదిది అనే మాటలో నిజం ఉంది. 2016లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనంలో ఈ వ్యాధిని సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిన 1.23 శాతం మందిలో, దక్షిణాదిన 0.10 శాతం మందిలో కనిపించాయి. అయితే వ్యాధికి దారితీసే జన్యువులు మాత్రం రెండుచోట్లా దాదాపు ఒకే మోతాదులో ఉన్నాయి. పెద్ద తేడా పళ్లెంలో కనిపించింది: అక్కడ రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ, ఇక్కడ 25 గ్రాములు. షుగర్ వచ్చిందని రాత్రిపూట చపాతీకి మారే ఇళ్లు, చేవెళ్లలో బేకరీ సరుకుతో పెరుగుతున్న పిల్లలు ఉండగా, ఆ పాత లెక్కను చూసుకుని నిశ్చింతగా ఉండటం నాకు సబబుగా తోచదు.

గోధుమ పడట్లేదనే వారందరికీ ఈ జబ్బు ఉండదు కదా అనే అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. 2018లో వెలువడిన ఓస్లో అధ్యయనంలో సీలియాక్ లేకుండానే గోధుమ పడదనుకునే 59 మందిని పరీక్షిస్తే, వారిని ఎక్కువగా బాధపెట్టింది గ్లూటెన్ కాదు, ఫ్రక్టాన్ అనే పిండిపదార్థమని తేలింది. అది ఉల్లి, వెల్లుల్లిలోనూ ఉంటుంది. కాబట్టి ఎవరికి వారు గోధుమ మానేయకూడదు. మానేశాక రక్తపరీక్ష చేయిస్తే, జబ్బు ఉన్నా లేదని రావచ్చు. గోధుమ తింటూ ఉండగానే టీటీజీ యాంటీబాడీ పరీక్ష చేయించాలి. మొయినాబాద్, చేవెళ్ల రెండుచోట్లా వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. తగ్గని విరేచనాలతో, మందులకు లొంగని రక్తహీనతతో, ఎదుగుదల లేని పిల్లలతో వచ్చేవారికి ఈ పరీక్ష అక్కడే రాయాలి.

వంటలో గోధుమ ఉందని ముందే చెప్పడం చిన్న వంటవాళ్లకు మోయలేని బరువనేవారూ ఉన్నారు. ప్యాకెట్ సరుకు మీద గ్లూటెన్ ఉన్న ధాన్యం పేరు వేయాలని నిబంధన ఉంది. గ్లూటెన్ లేదని రాస్తే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. పెళ్లి వంట గుండిగకు అలాంటి చీటీ ఉండదు. వెజ్, నాన్‌వెజ్ అని బోర్డు పెట్టే క్యాటరింగ్ వాళ్లకు మంచూరియా, హలీం, సేమ్యా పాయసం పక్కన ‘గోధుమ ఉంది’ అని రాయడం కష్టం కాదు. పూరీలు వేయించిన నూనెలోనే గారెలు వేస్తే, ఆ మాటా రాయాలి.