స్థాలీపులాకన్యాయమును ప్రజాభిప్రాయమును

ఏడవ తరగతి గణితమున అంకమధ్యమము, మధ్యగతము, బాహుళకము నేర్పుచున్నారు. అచ్చుపడిన అంకెలను కూడి భాగించుట బాలబాలికలు చక్కగా నేర్చుచున్నారు. ఆ యంకెలు ఎవరి నడిగి తెచ్చినవి, ఎవరి నడుగక విడిచినవి యను ప్రశ్న మాత్రము తరగతిలో పుట్టుట అరుదు. ప్రజాభిప్రాయమును కొలుచు విధమును ఈ వయస్సుననే బోధింపవలెనని మా వాదము.

“పండ్రెండేండ్ల పిల్లలకు ఎన్నికల గొడవ యేల?” అని కొందరు పెద్దలు ఆక్షేపింతురు. ఆ గొడవ మన యనుమతి గైకొని యింట ప్రవేశించుట లేదు. చేతిలోని ఫోనునుండియే వచ్చుచున్నది. 2018 డిసెంబరు 7వ తేదీన తెలంగాణమున పోలింగు ముగిసినంతనే, మాజీ పార్లమెంటు సభ్యులు లగడపాటి రాజగోపాల్‌గారు తమ సర్వే ననుసరించి ప్రజాకూటమికి ఆధిక్యము చెప్పిరి. 11వ తేదీన లెక్కింపగా 119 స్థానములలో 88 తెలంగాణ రాష్ట్ర సమితికి దక్కెను. ఇట్టి జోస్యములను పిల్లలు వినుచునే యున్నారు. పరీక్షించు విధమే యెరుగరు.

మన పూర్వులు స్థాలీపులాకన్యాయ మనిరి. ఒక్క మెతుకు పట్టి చూచిన కుండెడన్నము సంగతి తెలియును. ఇది మెతుకు మహిమ కాదు. గింజలన్నియు ఒకే నీట, ఒకే మంటపై నుడుకుటయే కారణము. ఊరు అట్టి కుండ కాదు. హఫీజ్‌పేటనే చూడుడు. పాత ఊరివారు, అపార్టుమెంటులవారు, సాఫ్టువేరు ఉద్యోగులు, కూలిపనులకు వచ్చినవారు, అందరు నిచటనే కలరు. ఉదయము ఎనిమిది గంటలకు రైల్వేస్టేషనులో నిలిచి, “ముందు కావలసినది రైళ్లా, మంచినీళ్లా?” యని నూర్గురి నడిగిన, రైళ్లే యను జవాబు వచ్చుటలో వింత యేమి? బిందెతో టాంకరుకై వేచియున్న తల్లి ఆ లెక్కలో లేనే లేదు.

ఎక్కువమంది నడిగిన చాలునందురా? 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్టు పత్రిక ఇరువది లక్షలకు మించిన జవాబులు తెప్పించి లాండను గెలుచుననెను. రూజ్‌వెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచెను. టెలిఫోనులు, మోటారుకార్లు గలవారి పట్టికలనుండి పేర్లెన్నుటయు, జవాబిచ్చిన వారినే లెక్కించుటయు దాని దోషములు. అంతకన్న మిక్కిలి కొద్దిమంది నడిగిన జార్జి గాలప్ సరిగా చెప్పెను. ఇండ్ల నంబర్లన్నియు చీట్లపై వ్రాసి, కలిపి, కన్నులు మూసి తీయుటయే కుండను కలుపుట. అట్లు తీసిన వేయిమంది జవాబు సాధారణముగా నూటికి మూడు పాళ్ల తేడాలో నిలుచును. 2023లో ఏడులక్షలకు పైగా ఓటర్లు గల శేరిలింగంపల్లి నియోజకవర్గమున కైనను ఆ వేయియే చాలును. పెద్దకుండకు పెద్దగరిటె కాదు, బాగుగ కలుపుట ముఖ్యము.

ఇవి తెలిసిన పిల్లలు ఏ సర్వేనైనను అపహసింతు రనువారు గీటురాయి గల కంసాలి బంగారమును రోయునా యని యోచింపవలెను. అన్నియు నమ్ముటయు, ఏదియు నమ్మకుండుటయు ఒక్క అజ్ఞానపు కవలలే.

మన యిండ్లలో ఆడపిల్ల చదువును, వితంతువు పునర్వివాహమును ఆపినది తరచు ఒక్కటే మాట: “నలుగురేమందురు?” ఆ నలుగురెవరు? ఎవరెన్నిరి? ఆ పిల్ల నడిగిరా? ఈ ప్రశ్నలు వేయగల బాలికను తయారుచేయుటకు వారమున కొక్క పీరియడు చాలును. దానిని వ్యర్థ మనువారు తమ “నలుగురి” లెక్క బయటపడునని జంకుచున్నారని మేము తలంతుము.