లిపి దొరికింది, చదువరులేరీ?

అడవి బిడ్డలకు భాషయే గాని లిపి లేదన్న మాట మన పండితలోకంలో చిరకాలంగా పాతుకుపోయింది. ఆ మాటను ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల అనే చిన్న గోండు గ్రామం పూర్వపక్షం చేసింది. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారి బృందానికి అక్కడ సుమారు పన్నెండు గోండీ వ్రాతప్రతులు లభించాయి. 2014లో ఆ లిపికి ఖతి వెలువడింది. 2018లో యూనికోడులో స్థానం దక్కింది. భాషాభిమానులందరం సంతోషించదగిన విషయమే.

అయితే నా మనస్సును కలచేది వేరొకటి. ఆ ప్రతులను శతాబ్దాలపాటు ఎవరు కాపాడారు? కిక్రి వాయిస్తూ గోండుల వంశగాథలను గానం చేసే ప్రధానులు. వారు తమ చరిత్రను తామే వ్రాసుకున్నారు, తామే దాచుకున్నారు. మనం "కనుగొన్నాం" అంటున్నది వారు ఏనాడూ పోగొట్టుకోనిది!

1940ల దశకంలో హైమన్‌డార్ఫ్ మహాశయుడు మార్లవాయి ప్రాంతంలో గోండు పిల్లలకు బడులు పెట్టించినప్పుడు వాచకాలు గోండీలోనే అచ్చయ్యాయి, కాని దేవనాగరి లిపిలో. ఆయన సదాశయాన్ని శంకించను. అయినా, పరులు ఎంత ప్రేమతో వ్రాసినా పరుల అక్షరాలలోనే వ్రాస్తారు గదా!

2011 జనాభా లెక్కలలో గోండీ మాతృభాషీయులు దాదాపు 30 లక్షలు. అందులో సగం మందే మాట్లాడే బోడో భాష 2003లోనే రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చేరింది. గోండీకి ఆ భాగ్యం నేటికీ లేదు. బోడోకు ఇచ్చింది ఎక్కువని కాదు, గోండీకి ఇవ్వకపోవడం అన్యాయమని నా వాదం.

2006 నాటి అటవీహక్కుల చట్టం జీవవైవిధ్యానికీ సాంస్కృతిక వైవిధ్యానికీ సంబంధించిన సంప్రదాయ జ్ఞానంపై ఆ సమాజాలకే సామూహిక హక్కును గుర్తించింది. కనుక ఏ మూలిక గుణం లోకానికి చెప్పాలో, ఏ గాథను తమలోనే నిలుపుకోవాలో నిర్ణయించవలసినది వారే. మనం వ్రాయసకాండ్రముగా ఉండవచ్చును, యజమానులము కాము.

మూలప్రతులు ఊరిలోనే పదిలంగా ఉండాలి. నకళ్ళు గ్రంథాలయాలకు రావచ్చు. అంతకన్న ముఖ్యంగా ఆ లిపి బడిలో పలకమీదికి ఎక్కాలి. అద్దాల పెట్టెలో ఉన్న అక్షరం అలంకారం; పిల్లవాడు దిద్దిన అక్షరమే ప్రాణం. విజ్ఞులు ఆలోచింతురుగాక.