చదువుకున్నవాళ్ల దిగులు

ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయం మొదట్లో నారదుడు సనత్కుమారుడి దగ్గరికి వచ్చి చదువు చెప్పమని అడుగుతాడు. ఇంతవరకూ ఏం చదివావో చెప్పు, ఆ పైది నేను చెబుతానంటాడు గురువు. నారదుడు వరసగా చెప్పుకుపోతాడు. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, శకునశాస్త్రం, నిధుల జాడ తెలిపే విద్య, తర్కం, నీతి, యుద్ధవిద్య, నక్షత్రశాస్త్రం, పాముల విద్య... ఆ కాలంలో మనిషికి అందుబాటులో ఉన్న చదువులు దాదాపు అన్నీ అందులో ఉన్నాయి. అంతా చెప్పాక అసలు సంగతి బయటపెడతాడు. ఇన్ని మంత్రాలు వచ్చు గానీ నన్ను నేను ఎరగను, దుఃఖంలో ఉన్నాను, దీన్ని దాటించమని వేడుకుంటాడు.

మనశ్శాంతి చదువు వల్ల వస్తుందా, భక్తి వల్ల వస్తుందా అని వాదన వచ్చినప్పుడు చాలామంది ఈ కథనే సాక్ష్యం తెస్తారు. చూశారా, అంత చదివినా నారదుడికి ఏం ఒరిగింది అంటారు. కథను కాస్త ముందుకు చదివితే ఆ సాక్ష్యం నిలవదు. సనత్కుమారుడు నారదుడి చదువును తీసిపారేయలేదు. అదంతా నామమేనంటూ, ఆ నామాన్నే మొదటి మెట్టుగా చేసి ఉపాసించమన్నాడు. అక్కణ్నుంచి వాక్కు, మనసు, సంకల్పం, ధ్యానం, అన్నం, నీళ్లు, జ్ఞాపకం, ఆశ, ప్రాణం అంటూ ఒక్కొక్కటే ఎక్కించుకుంటూ పోయి, చివరికి అనంతమైన భూమ దగ్గర నిలబెట్టాడు. ప్రాణం దాకా ప్రతి మెట్టు మీదా నారదుడు ఆగి, దీనికన్నా గొప్పది ఇంకేమైనా ఉందా అని అడుగుతూనే ఉంటాడు. దిగులు తీరడానికి ఆయన చదువు మానుకోలేదు. ఇంకా పట్టుదలగా చదివాడు.

భాగవతంలో ఇదే నారదుడు మరో వైపు నిలబడి కనిపిస్తాడు. వేదాలను విభజించి, భారతం రాసి, లోకానికి ఇవ్వగలిగినదంతా ఇచ్చేసిన వ్యాసుడు సరస్వతీ తీరంలో దిగాలుగా కూర్చుని ఉంటాడు. ఏదో వెలితి. అదేమిటో అంతుపట్టదు. అక్కడికి నారదుడు వస్తాడు. నీకేం లోటయ్యా, ఇంత రాశావు కదా, మరి ఈ చింత ఏమిటని పలకరిస్తాడు. వ్యాసుడు దాచుకోడు. మీరన్నవన్నీ ఉన్నాయి, అయినా మనసుకు తృప్తి లేదని ఒప్పుకుంటాడు. ధర్మాలన్నీ చెప్పావు గానీ హరి కథను మనసారా చెప్పలేదని నారదుడు కారణం విప్పుతాడు. భాగవతం పుట్టడానికి అది నాంది అయింది. దాన్ని మన బమ్మెర పోతన తెలుగు చేశాడు.

ఒక చోట దుఃఖం చెప్పుకున్నవాడు, ఇంకోచోట దుఃఖం విన్నవాడు. ఈ రెండు గ్రంథాల నడుమ ఎన్నో శతాబ్దాల దూరం ఉంది, వాటి దారులూ వేరు. ఒకటి జ్ఞానం వైపు నడిపిస్తుంది, రెండోది భక్తి వైపు. రెండిట్లోనూ ఊరట మొదలైంది మాత్రం ఒకేలాగ. ఎంతో తెలిసిన మనిషి తనకు శాంతి లేదని ఇంకొకరి ముందు పైకి చెప్పాడు. విన్నవాళ్లు ఆయన్ను తక్కువ చేయలేదు. పైగా వ్యాసుడికి ధైర్యం చెప్పేటప్పుడు నారదుడు తన పూర్వజన్మ కథ కూడా చెప్పుకున్నాడు. తాను దాసీ కొడుకునని, అయిదేళ్ల పసివాడుగా ఉండగానే తల్లి పాము కాటుకు చనిపోయిందని, ఒంటరిగా దేశాలు పట్టిపోయానని చెప్పాడు. గురువు తన గాయం చూపించాకే శిష్యుడికి ఉపదేశం ఎక్కిందనిపిస్తుంది, ఆ ఘట్టం చదువుతుంటే.

ఇంకా సూటిగా చెప్పినవాడు త్యాగరాజు. సామ రాగంలో చేసిన ఒక కృతిలో, శాంతం లేనివాడికి సుఖం లేదన్న మాటకు ఆయన ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. ఇంద్రియాలను అణచినవాడికీ లేదు, వేదాంతం తెలిసినవాడికీ లేదు. ఆగమశాస్త్రాలు చదివినా, జపతపాలు చేసినా, యాగాలు చేసినా, చివరికి భాగవతులని పేరుపడ్డా లేదన్నాడు. భాగవతుడని పేరుపడినవాడు సాక్షాత్తూ ఆయనే. అంతటి భక్తుడు భక్తి ఒక్కటే చాలునని హామీ ఇవ్వకపోవడం ఈ చర్చలో పాల్గొనే ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

పుస్తకాల్లోని మనుషుల్ని వదిలి, నిజంగా బతికిన ఒక ఇంట్లోకి వెళదాం. చార్లెస్ డార్విన్, ఎమ్మా 1839 జనవరిలో పెళ్లి చేసుకున్నారు. ఆమెకు క్రీస్తు మీద గట్టి నమ్మకం. ఆయనకు సందేహాలు. పెళ్లయిన కొత్తల్లోనే ఎమ్మా భర్తకు ఒక ఉత్తరం రాసింది. రుజువు కానిదేదీ నమ్మకూడదన్న శాస్త్రజ్ఞుల అలవాటు, రుజువులకు అందని విషయాల్లోకి కూడా పాకుతుందేమోనని ఆమె బెంగ. తామిద్దరం ఎప్పటికీ ఒకరికొకరం కాకుండా పోతామేమోనన్న భయం ఆ ఉత్తరం నిండా ఉంది. ఒకే ఇంట్లో ఉన్న మనిషికి మాటల్లో చెప్పలేక కాగితం మీద పెట్టింది. డార్విన్ దాన్ని జీవితాంతం దాచుకున్నాడు. నేను పోయాక నీకు తెలియాలి, దీన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చానన్న అర్థం వచ్చేలా అదే కాగితం చివర తన చేత్తో రాసిపెట్టాడు.

1851 ఏప్రిల్‌లో వాళ్ల పెద్దమ్మాయి ఆనీ మాల్వెర్న్‌లో చనిపోయింది. పదేళ్ల పిల్ల. వైద్యం కోసం ఆమెను అక్కడికి పంపారు. ఎమ్మాకు అప్పుడు నెలలు నిండుతున్నాయి, ప్రయాణం చేయలేక ఇంట్లోనే ఉండిపోయింది. డార్విన్ బిడ్డ మంచం పక్కన కూర్చుని, ఆ రోజు ఎలా ఉందో, ఏం తాగిందో, ఏ మాట అన్నదో భార్యకు ఉత్తరాలు రాస్తూ వచ్చాడు. జాతుల పుట్టుక మీద ఆయన ఆలోచనలు అప్పటికే ఒక రూపానికి వచ్చాయి. ప్రకృతిలో ఎన్ని ప్రాణాలు ఎలా రాలిపోతాయో ఆయనకు తెలిసినంతగా ఆ రోజుల్లో తెలిసినవాళ్లు తక్కువ. ఆ తెలివిడి కూతురి విషయంలో ఆయన్ను కాపాడలేదు. ఎమ్మా నమ్మకం ఆమె కన్నీళ్లను ఆపలేదు. ఆనీ రాసుకునే పెట్టెను, అందులోని పక్షి ఈకల కలాలను, పాళీలను, లక్కను తల్లి దాచిపెట్టింది. అది తరతరాలుగా ఆ కుటుంబంలో నిలిచింది.

ఆ తర్వాత వాళ్లు ఇంకా ముప్పై ఏళ్లు కలిసి బతికారు. ఆయన నమ్మకం వైపు తిరిగి రాలేదు. ఆమె నమ్మకం వదల్లేదు. ఎవరి దారి గెలిచిందని అడిగితే ఆ ఇంట్లో జవాబు దొరకదు. ఆ ఇంటిని నిలబెట్టింది ఆమె రాయగలిగిన ఉత్తరం, ఆయన దాచుకోగలిగిన మనసు అని మా నమ్మకం.

భక్తి చేతులు కట్టేస్తుందనీ, శాస్త్రం గుండెను ఎండగడుతుందనీ అనుకునేవాళ్లకు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చూపించాలి. కుర్రతనంలో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు లాగింది. సన్యాసానికి తల్లి ఒప్పుకోకపోవడంతో వైద్యం చదివాడు. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే వ్యాధితో పోయారు. తానూ అదే జబ్బుతో మంచం పట్టి లేచాడు. తర్వాత అమెరికా వెళ్లాడు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాక, ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది పనికొచ్చింది. ఆ పరిశోధన కొమ్మగానే వచ్చిన మందుతో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్తక్యాన్సర్ పిల్లల జబ్బును తొలిసారి కొంతకాలమైనా వెనక్కి తగ్గించగలిగాడు. సుబ్బారావు 1948లో, యాభై మూడేళ్లకే కన్నుమూశాడు. సోదరుల చావును ఆయన మరిచిపోలేదు, ఏ వేదాంతంతోనూ సర్దిచెప్పుకోలేదు. దాన్ని ప్రశ్నగా మార్చుకుని పని చేశాడు. దుఃఖం లేని స్థితి ఒక్కటే శాంతి అనుకుంటే ఈయన లెక్కలోకి రాడు. ఆ నిర్వచనమే ఇరుకైనదేమో.

మన దగ్గర ఏ పెద్దాసుపత్రిలోనైనా ఐసీయూ బయట కుర్చీల వరసను చూడండి. కొడుకు ఫోన్‌లో రక్తపరీక్షల రిపోర్టు తెరిచి క్రియాటినిన్ నిన్న ఎంత, ఇవాళ ఎంత అని చూసుకుంటుంటాడు. పక్కనే తల్లి పెదవులు కదుపుతూ హనుమాన్ చాలీసా చదువుతుంటుంది. రెండు కుర్చీల అవతల ఇంకొకాయన తస్బీ తిప్పుతుంటాడు. కొడుక్కి అంకె తెలియడం అవసరం. జబ్బుకు ఒక పేరు, ఒక లెక్క దొరికితే భయం సగం దిగుతుంది. తల్లికి ఆ అంకె ఏమీ చెప్పదు, ఆమెకు పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. ఇద్దరూ ఒకే మనిషి కోసం ఒకే రాత్రి మేలుకున్నవాళ్లు. వాళ్లలో ఎవరిది సరైన దారి అని తేల్చబూనడం న్యాయం కాదు.

మన కుటుంబాల్లో జరిగే పొరపాటు వేరే చోట ఉంది. దిగులుపడుతున్నవాళ్లతో మనం అలవాటుగా అనే మాటలు రెండు. చదువుకున్నదానివి, నువ్వే ఇలా అయిపోతే ఎలా? ఇది మొదటిది. దేవుడి మీద భారం వేసి ఊరుకో, ఏడవకూడదు. ఇది రెండోది. ప్రేమతోనే అంటాం. విన్న మనిషికి మాత్రం మొదటి మాట తన చదువుకు, రెండోది తన భక్తికి మచ్చలా తగులుతుంది. బీటెక్ చదివిన కుర్రాడు, నాకు తెలియని విషయాలా ఇవి అని నోరు మూసుకుంటాడు. రోజూ పూజ చేసే ఇల్లాలు, నా నమ్మకంలోనే లోపం ఉందేమోనని లోలోపల కుమిలిపోతుంది. అప్పటికే ఉన్న బాధ మీద సిగ్గు వచ్చి చేరుతుంది. సనత్కుమారుడు, ఇంత చదివి ఏడుస్తావేమిటని నారదుణ్ని మందలించి ఉంటే ఉపనిషత్తు అక్కడే ఆగిపోయేది.

పెద్ద జబ్బుగా మారిన దిగులుకు డాక్టరు కావాలి, అందులో సంకోచం పనికిరాదు. ఎవరికి చెప్పుకోవాలో తోచనివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు ప్రతి ఇంటర్ కాలేజీ హాస్టల్ గోడ మీదా ఉండాలి, గుడి మండపంలోనూ ఉండాలి.

మామూలు దుఃఖానికి మాత్రం మన ఊళ్లలో ఒక మంచి ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. అదే పరామర్శ. చావు జరిగిన ఇంటికి ఒక్కొక్కరే వస్తారు. వచ్చిన ప్రతివాళ్లకీ ఆ ఇల్లాలు కథంతా మొదటి నుంచీ చెబుతుంది. సాయంత్రం బాగానే ఉన్నారు, రెండు ఇడ్లీ తిన్నారు, గుండెల్లో మంటగా ఉందంటే సోడా తెప్పించాం... పదిమంది వస్తే పదిసార్లు చెబుతుంది. ప్రతిసారీ ఒకే చోట గొంతు పూడుకుపోతుంది. నాలుగైదు రోజులు గడిచేసరికి అదే చోట కాస్త నిలదొక్కుకుని ముందుకు చెప్పగలుగుతుంది. వినేవాళ్లలో పూజారి ఉండొచ్చు, పార్టీ ఆఫీసులో పనిచేసే నాస్తికుడు ఉండొచ్చు. వాళ్లు జవాబేమీ ఇవ్వనక్కర్లేదు. ఇప్పుడు ఇదంతా వాట్సాప్‌లో ఓం శాంతి అన్న సందేశానికి, ఫంక్షన్ హాల్లో పదకొండో రోజు భోజనానికి కుదించుకుపోయింది. ఆ హాల్లో ఫొటోకు దండం పెట్టి, బంతిలో కూర్చుని తిని వచ్చేస్తాం. చావు ఎలా జరిగిందో ఆమెను ఎవరూ అడగరు. పదకొండో రోజు కన్నా ముందే ఒక సాయంత్రం ఆ ఫ్లాట్‌కు వెళ్లి, ఫోన్ జేబులో పెట్టుకుని, గంటసేపు కూర్చోండి. ఆవిడే మొదలుపెడుతుంది.