పూత చూపి పండు అమ్మేవారు

చిత్తూరు ప్రాంతపు మామిడి వ్యాపారం తెలిసినవారికి ఒక విషయం వేరే చెప్పనక్కరలేదు. చెట్టు నిండా పూత ఉన్నంత మాత్రాన గంప నిండా కాయ వస్తుందన్న భరోసా లేదు. తేనెమంచు పురుగు, అకాల వర్షం, ఈదురుగాలి - పూతకూ పండుకూ మధ్య ఇన్ని గండాలు ఉన్నాయి. అయినప్పటికీ పూత మీదనే తోటను గుత్తకు మాట్లాడుకొనేవారు ఉన్నారు. కాపు బాగుంటే సంబరం, దెబ్బ తింటే తగాదా.

ఈ ఉపమానం ఎందుకంటే, నేడు మన ఇళ్లలోని యువకులు మరొక రకమైన పూతను చూసి డబ్బు చెల్లిస్తున్నారు. మేము చెప్పేది వీడియో గేముల సంగతి. రాబోయే ఆటలను పరిచయం చేయడానికి ఆ పరిశ్రమ పెద్ద పెద్ద ప్రదర్శనలు నిర్వహిస్తుంది. 1995లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో 'ఈ-త్రీ' పేరుతో మొదలైన ప్రదర్శన చాలా కాలం వీటన్నింటికీ పెద్దది. 2023 డిసెంబరులో దానిని శాశ్వతంగా మూసివేశారు. ఇప్పుడు ఆ స్థానాన్ని జూన్ నెలలో జరిగే 'సమ్మర్ గేమ్ ఫెస్ట్', డిసెంబరులో జరిగే 'ది గేమ్ అవార్డ్స్', ఆయా కంపెనీలు సొంతంగా ప్రసారం చేసే కార్యక్రమాలు ఆక్రమించాయి. 2024, 2025 సంవత్సరాలలో సమ్మర్ గేమ్ ఫెస్ట్ మన గడియారం ప్రకారం రాత్రి రెండున్నరకు ప్రారంభమైంది. దానిని పూర్తిగా చూసి ఫోను పక్కన పెట్టేసరికి ఫజర్ వేళ దగ్గరపడుతుంది. తిరుపతిలోని ఏ విద్యార్థుల గదిలో ఆ వేళ దీపం వెలుగుతున్నా అది పరీక్షల చదువే అనుకోనక్కరలేదు.

మా వద్దకు ఇషా నమాజు తరువాత అరబ్బీ పాఠాలకు వచ్చే యువకులలో ఇటువంటివారు ఇద్దరు ఉన్నారు. ఒకసారి వారి మాటలు మా చెవిన పడ్డాయి. "ఈసారి చూపించినవి మామూలుగా లేవు హజ్రత్! ఒక్కొక్కటి సినిమాను మించిపోయింది" అని ఒకడు మురిసిపోయాడు. రెండవవాడు పెదవి విరిచాడు. "అంతా ఉత్త బొమ్మలే హజ్రత్! చెప్పిన తేదీకి రాదు. వచ్చినా ఇందులో చూపినట్లు ఉండదు. నేను వీళ్లను నమ్మడం ఎప్పుడో మానేశాను" అన్నాడు. "అయితే నువ్వు చూడలేదా?" అని అడిగాము. "చివరి దాకా చూశాను హజ్రత్" అని నవ్వాడు.

ఆ నవ్వు మమ్మల్ని ఆలోచింపజేసింది. ఒకడు పూర్తిగా నమ్మాడు, మరొకడు అసలే నమ్మలేదు. కాని ఇద్దరూ ఒకే రాత్రి ఒకే తెర ముందు నిద్ర పోగొట్టుకున్నారు.

రెండవవాని వెటకారం అకారణంగా పుట్టినది కాదు. 'సైబర్‌పంక్ 2077' అనే ఆట కథ చూడండి. 2013 జనవరిలోనే దాని మొదటి ట్రైలర్ వచ్చింది. 2019 ఈ-త్రీ వేదికపై ప్రసిద్ధ నటుడు కియాను రీవ్స్‌ను రప్పించి జనాన్ని ఉర్రూతలూగించారు. పలుమార్లు వాయిదా పడి, 2020 డిసెంబరులో విడుదలైనప్పుడు పాత ప్లేస్టేషన్ యంత్రాలపై అది సరిగా నడవనే లేదు. ఎంత గొడవ అయిందంటే, సోనీ సంస్థ కొన్నవారికి డబ్బు తిరిగి ఇస్తామని ప్రకటించి, ఆ ఆటను తన ఆన్‌లైన్ దుకాణం నుండి తొలగించింది. 2021 జూన్ వరకు దానిని మరల అమ్మకానికి పెట్టలేదు.

మన దేశంలోనూ ఇటువంటిది జరిగింది. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్‌జీని నిషేధించిన రెండు రోజులకే 'ఫౌ-జీ' అనే స్వదేశీ ఆటను ప్రకటించారు. దేశభక్తిని, ఒక సినిమా కథానాయకుని పేరును జోడించి ప్రచారం చేశారు. లక్షలాది మంది ముందుగానే పేర్లు నమోదు చేసుకున్నారు. 2021 జనవరి 26న అది వచ్చింది. మిత్రులంతా జట్టుగా ఆన్‌లైన్‌లో ఆడుకోవచ్చునని ఎదురుచూసినవారికి ఆ రోజు దొరికినది ఒంటరిగా ఆడే కథ మాత్రమే. ఎంత ఉత్సాహంతో స్వాగతించారో అంత వేగంగా విమర్శించారు. ఇక యువకులందరి నోటా వినిపించే 'జీటీఏ 6' సంగతి సరేసరి. 2023 డిసెంబరులో మొదటి ట్రైలర్ వచ్చినప్పుడు 2025లో విడుదల అన్నారు, తరువాత 2026 మే అన్నారు, ఆపై 2026 నవంబరు అన్నారు.

ఈ ప్రదర్శనల వెనుక ఉన్న లెక్క కూడా పెద్దలు తెలుసుకోవాలి. 2024 సమ్మర్ గేమ్ ఫెస్ట్‌లో ఒక్క నిమిషం ట్రైలర్ ప్రదర్శించడానికి రెండున్నర లక్షల డాలర్లు, అనగా మన డబ్బులో రెండు కోట్ల రూపాయలకు పైగా, రుసుము ఉన్నదని పత్రికలు వెల్లడించాయి. అన్నీ డబ్బు కట్టినవే కావు, కొన్నింటిని నిర్వాహకులు ఉచితంగానూ చూపుతారు. అయినప్పటికీ చూసేవాడు వార్త అనుకుంటున్నది చాలావరకు ప్రకటనయే. పైగా తెరపై కనిపించేది కొన్నిసార్లు అసలు ఆట కాదు, ప్రదర్శన కోసమే ప్రత్యేకంగా తయారుచేసిన చిత్రం.

దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలోనికి చేయి పెట్టి చూసిన సంఘటన మనకందరికీ తెలిసినదే. పైన పొడిగా ఉన్నది, లోపల తడి తగిలింది. తడిసిన భాగాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ఆ వర్తకుణ్ణి నిలదీశారు. ట్రైలర్ అనేది రాశి పైభాగం. లోపలికి చేయి పెట్టే అవకాశం కొనేవాడికి ఇవ్వకుండానే డబ్బు అడగడంలోనే అసలు చిక్కు ఉన్నది.

లేని సరుకును అమ్మే సమస్య కంప్యూటర్లతో పుట్టినది కాదు. మదీనాలో ఖర్జూరపు తోటల కాపును పక్వానికి రాకముందే అమ్ముకొని, తెగులు సోకినప్పుడు జనం తగవులాడుకొనేవారు. పండు పక్వత కనబడనిదే అమ్మవద్దని ఆంక్ష వచ్చింది. అయితే ముందస్తు చెల్లింపును ధర్మశాస్త్రం పూర్తిగా మూసివేయలేదు. 'సలం' అనే ఒప్పందానికి అనుమతి ఇచ్చి గట్టి షరతులు పెట్టింది. ఏ సరుకో, ఏ నాణ్యతో, ఎంత పరిమాణమో, ఏ తేదీకి అప్పగించాలో ముందే తేలాలి. చూడకుండా కొన్నవాడికి, చూసిన తరువాత వద్దనుకొనే హక్కును మన హనఫీ ఫిఖ్హ్ 'ఖియారుర్ రూయత్' అన్నది. లోపం బయటపడితే తిరిగి ఇచ్చే హక్కును 'ఖియారుల్ ఐబ్' అన్నారు. మేము ఇక్కడ ఫత్వా ఇవ్వడం లేదు, ఏ ఆట ఆడవచ్చునో ఏది కూడదో అన్న చర్చకూ పోవడం లేదు. కేవలం కొలమానం చూపుతున్నాము. తేదీ కదిలిపోతూ, నాణ్యత తేలకుండా డబ్బు మాత్రం ముందే చేతులు మారే బేరాన్ని ఈ కొలమానంతో కొలిచి చూడండి.

ఇంతవరకు చదివినవారు వెటకారం చేసిన యువకుడే వివేకవంతుడని అనుకోవచ్చు. మేము అలా అనుకోవడం లేదు. ఆస్ట్రేలియాలో టీమ్ చెర్రీ అనే అతి చిన్న బృందం 2019 ఫిబ్రవరిలో 'హాలో నైట్: సిల్క్‌సాంగ్' అనే ఆటను ప్రకటించింది. ఆరేళ్లకు పైగా అది రాలేదు. ప్రతి ప్రదర్శన తరువాతా దాని పేరు ఒక హాస్యంగా మారిపోయింది. చివరకు 2025 సెప్టెంబరు 4న వచ్చింది. ఆ రోజు రద్దీకి ఆన్‌లైన్ దుకాణాలు స్తంభించాయి, ఆడినవారు ఎంతగానో మెచ్చుకున్నారు. మన దేశంలో పూణెకు చెందిన బృందం రూపొందించిన 'రాజీ' అనే ఆటను 2020 ఆగస్టులో నింటెండో ప్రదర్శనలో చూపిన రోజే అమ్మకానికి ఉంచారు. 'నో మ్యాన్స్ స్కై' అనే ఆట 2016లో ఇచ్చిన మాట నిలుపుకోలేక నిందలపాలైంది. కాని దాని నిర్మాతలు పారిపోలేదు. తరువాత ఏళ్ల తరబడి అదనపు రుసుము లేకుండా దానిని మెరుగుపరుస్తూ వచ్చారు. అందరూ మోసగాళ్లేనని ఒక్క మాటతో తేల్చేసేవాడు వీరందరికీ అన్యాయం చేసినవాడే అవుతాడు. బద్‌గుమానీ వివేకం కాదు. గుడ్డి నమ్మకం పరిశీలించదు, వెటకారమూ పరిశీలించదు.

మా అసలు ఆందోళన ఆటల గురించి కాదు. "అంతా ఇంతే" అనే మాట ఒక విషయంలో అలవాటైతే అక్కడితో ఆగదు. నేడు ట్రైలర్‌ను వెక్కిరించిన నాలుక రేపు ఉపాధ్యాయుని మాటను, ఎల్లుండి తండ్రి వాగ్దానాన్ని వెక్కిరిస్తుంది. ఆ అలవాటుకు ఎరువు వేస్తున్నది గేముల కంపెనీలు మాత్రమే కావు. తిరుపతి చుట్టుపక్కల ఇంకా రోడ్డు పడని లేఅవుట్లకు పచ్చని చెట్లు, ఫౌంటెన్లు గీసిన రంగుల కాగితం చూసి అడ్వాన్సు కట్టే పెద్దలు లేరా? ర్యాంకుల ప్రకటన చూసి ఫీజు కట్టేవారు, పెళ్లి సంబంధంలో అబ్బాయి జీతాన్ని పెంచి చెప్పేవారు, చందాల కరపత్రంపై ఇంకా పునాది పడని భవనపు బొమ్మ ముద్రించేవారు లేరా? పిల్లలు ఇవన్నీ చూస్తూనే పెరుగుతున్నారు. మాటకూ సరుకుకూ మధ్య దూరాన్ని వారు మన ఇంటిలోనే కొలవడం నేర్చుకుంటారు.

కనుక తల్లిదండ్రులకు మా సలహా: పిల్లవాణ్ణి కసిరి తెర ఆపివేయడం కంటే ముందు పక్కన కూర్చోండి. "ఇందులో ఏమి చూపారు? ఏమి దాచారు? ఇది అసలు ఆటేనా, దాని బొమ్మా?" అని వానినే అడగండి. మనకంటే వానికే బాగా తెలుసు, వానినే చెప్పనివ్వండి. కంప్యూటరులోనికి దింపుకొనే ఆట గంపలోని మామిడి కాదు, ఆలస్యమైతే అయిపోదు. కాబట్టి ఈదీ డబ్బు ముందే చెల్లించే తొందర ఎందుకు? విడుదలైన తరువాత వారం పది రోజులు ఆగి, ఆడినవారి మాట విని నిర్ణయించుకోమనండి. కొన్నాక నచ్చకపోతే తిరిగి ఇచ్చే హక్కు ఉన్నదేమో చూడమనండి. 'స్టీమ్' అనే దుకాణంలో కొన్న పద్నాలుగు రోజులలోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే, డబ్బు వాపసు కోరవచ్చు. ఇక ఆ ప్రదర్శన మరునాడు ఉదయం కూడా అలాగే ఉంటుంది. రాత్రి రెండున్నరకు లేచి చూడవలసినంత తొందర అందులో ఏమీ లేదు.

అన్నిటికంటే ముఖ్యంగా, వానికి మనం ఇచ్చిన మాటలను ఒకసారి లెక్క చూసుకుందాము. కొనిస్తామన్నది, తీసుకువెళతామన్నది, వింటామన్నది. వాటిలో ఒక్కటైనా ఈ నెల చెప్పిన తేదీకి నెరవేరిస్తే, లోకంలో మాట నిలుపుకొనేవారూ ఉన్నారని వాడు తన ఇంటిలోనే చూస్తాడు. అల్లాహ్ మనందరినీ మాట మీద నిలబడేవారిగా చేయుగాక. ఆమీన్.